గీత దాటిన బంతి



ఆదివారం పూజ ముగిసిన తరువాత గుడి ముందరి వేపచెట్టు కింద ఓ పది నిమిషాలు నిలబడటం నాకు అలవాటు. పెన్షను రాలేదని ముసలమ్మలు, రేషన్ కార్డులో పేరు తప్పు పడిందని కోడళ్లు, ఊరికే పలకరిద్దామని పిల్లలు వస్తుంటారు. ఈమధ్య ఇంటరు చదివే పిల్లవాడొకడు వచ్చి, "సామీ, 2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు నలభై ఎనిమిది దేశాలను తీసుకున్నారంట గదా. ఇంత పెద్ద దేశం మనది. మనమెందుకు ల్యాం?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా పక్కనున్నవాడు, "ఆ రిఫరీ మోసం చేసినాడంట లేరా" అన్నాడు. "మోసం కాదురా, తప్పు చేశాడు" అన్నాను. "ఏదైతే ఏముంది సామీ? పోయిందైతే మనమే గదా" అన్నాడు వాడు.

మోసమైనా, తప్పైనా పోయినవాడికి ఒకటేనా? వాడు సైకిలెక్కి వెళ్లిపోయాడు గాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఈ వారం దానిని మీ ముందుంచుతున్నాను. ఇంటిలో ఫుట్‌బాల్ అంటే ఆసక్తి లేనివారు కూడా కాస్త ఓపికతో చదవండి. విషయం బంతితో మొదలవుతుందే గాని బంతితో ఆగేది కాదు.

ముందు జరిగిన సంగతి చెబుతాను. ప్రపంచ కప్పుకు ఆసియా ఖండం నుంచి వెళ్లాలంటే దశలు దశలుగా పోటీలు నెగ్గాలి. రెండవ దశలో ముప్పై ఆరు దేశాలను నలుగురేసి చొప్పున తొమ్మిది గుంపులు చేశారు. ఒక్కో గుంపులో మొదటి ఇద్దరికీ మూడవ దశకు ప్రవేశం. మన గుంపులో ఖతార్, కువైట్, అఫ్ఘానిస్తాన్ ఉన్నాయి. 2024 జూన్ 11న దోహా నగరంలో ఖతారుతో మన ఆఖరి మ్యాచి. గెలిస్తే మన దేశం ఎన్నడూ అడుగు పెట్టని మూడవ దశకు చేరుతుంది. ఖతార్ అప్పటికే మొదటి స్థానం ఖాయం చేసుకొని, ఎక్కువమంది కుర్రవాళ్లనే మైదానంలోకి దింపింది. 37వ నిమిషంలో మన లాలియంజువాలా ఛాంగ్టే గోల్ చేశాడు. డెబ్భై నిమిషాలు దాటినా మనమే ముందున్నాం.

73వ నిమిషంలో ఖతార్ ఆటగాడు యూసఫ్ ఐమన్ తలతో కొట్టిన బంతిని మన గోల్‌కీపర్, ఆనాటి కెప్టెన్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు ఆపాడు. అది అతని చేతికింద నుంచి జారి గోల్ పక్కనున్న గీత దాటింది. మనవాళ్లు ఇక కార్నర్ కిక్ అనుకొని ఆగిపోయారు. ఇంతలో ఖతార్ ఆటగాడు ఒకడు ఆ బంతిని గీత అవతలి నుంచి కాలితో లోపలికి లాగాడు. ఐమన్ దానిని గోల్‌లోకి తన్నాడు. దక్షిణ కొరియా దేశపు రిఫరీ గోల్ అన్నాడు. మనవాళ్లు చుట్టుముట్టి ఎంత మొరపెట్టుకున్నా మాట మారలేదు. వీడియో చూసి తీర్పు సరిదిద్దే ఏర్పాటు ఆ దశ పోటీలకు లేదు. 85వ నిమిషంలో ఖతార్ మరో గోల్ చేసింది. 2–1తో మన కథ ముగిసింది. మన సమాఖ్య ఫిర్యాదు చేసింది, విచారణ కోరింది. ఫలితం మాత్రం చెక్కు చెదరలేదు.

దీని వల్ల పోయింది ప్రపంచ కప్పు ఆశ ఒక్కటే కాదు. మూడవ దశకు చేరినవారికి 2027 ఆసియా కప్పులో నేరుగా చోటు దొరికింది. మనం దానికోసం మళ్లీ వేరే అర్హత పోటీలు ఆడవలసి వచ్చింది. వాటిలో 2025 అక్టోబరులో సింగపూరు చేతిలో సొంతగడ్డ మీదనే ఓడి ఆ చోటు కూడా పోగొట్టుకున్నాం.

మన అహోబిలం ప్రాంతపు వారికి గీత సంగతి కొత్తది కాదు. ఇక్కడి కొండలలో అడుగడుగునా వినిపించే కథను క్రైస్తవ కుటుంబాలలోని పిల్లలు కూడా ఇరుగు పొరుగు వారి నోట విని పెరిగినవారే. ఇంటిలోపల చావు రాకూడదు, బయటా రాకూడదు అని హిరణ్యకశిపుడు వరం కోరుకున్నాడట. చివరకు చావు గడప మీద వచ్చింది. గడప లోపలా? బయటా? వరం రాయించుకున్నవాడు ఆ ప్రశ్న వేసుకోలేదు. ఫుట్‌బాల్ చట్టం రాసినవారు మాత్రం వేసుకున్నారు. గీత కూడా మైదానంలో భాగమే. బంతి మొత్తంగా, పూర్తిగా గీత దాటితే తప్ప అది బయటికి పోయినట్లు కాదు. ఒక్క అంచు గీత మీద నిలిచినా లోపల ఉన్నట్లే. గడప ఇంటిదే అన్నమాట. ఆనాడు దోహాలో బంతి గడప దాటి వాకిట్లో పడింది. చిత్రాలు చూసినవారు చాలామంది అదే అన్నారు. నేనూ చూశాను. నా కంటికీ అలాగే కనబడింది.

అయినా అది గోలేనా? ఇక్కడ కొంచెం నిదానించాలి.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజులలో పునీత తోమాసు అక్వినాసు చెప్పిన సత్య నిర్వచనాన్ని మాతో పదే పదే వల్లె వేయించేవారు. మనసులోని తలపు, బయటి వస్తువు రెండూ సరిపోలడమే సత్యం. బంతి గీత దాటింది అన్న తలపు నిజమా కాదా అన్నది బంతిని బట్టి ఉంటుంది, చూసేవాడి అధికారాన్ని బట్టి కాదు. అయితే గోల్ అనేది బంతి వంటి వస్తువు కాదు. అది మనుషులు కూడి ఏర్పరచుకున్న ఒప్పందం. పెండ్లి పత్రం, భూమి రిజిస్ట్రేషను, ఐదు వందల నోటు ఎలాంటివో గోల్ కూడా అలాంటిదే. జరిగిన విషయాలపై రిఫరీ ఇచ్చిన తీర్పే ఆఖరిదని ఆ ఆట చట్టమే చెబుతున్నది. కనుక ఆనాటి గోల్ ఆట లెక్కలో గోలే. రిఫరీ గోల్‌ను పుట్టించగలడు. గీత దాటిన బంతిని మాత్రం దాటకుండా చేయలేడు. లెక్క ఒకటి, సత్యం ఒకటి. ఈ రెండింటి నడుమ ఖాళీ ఏర్పడినప్పుడే మనిషి మనస్సాక్షికి పని పడుతుంది.

లెక్కను పూర్తిగా కొట్టిపారేయమని నేను అనడం లేదు సుమా. ప్రతి ఓడినవాడూ "నాకు కనబడింది వేరు" అని మైదానంలో కూర్చుంటే ఏ ఆటా ముగియదు. కోర్టులూ ముగియవు. పొలం గట్టు తగాదాలు మన పల్లెల్లో మూడు తరాలు ఎందుకు నడుస్తున్నాయో మీకు తెలియనిది కాదు. ఎవరో ఒకరి మాట దగ్గర ఆగాలి. మొరపెట్టుకొని, ఫిర్యాదు రాసిచ్చి, చివరకు తీర్పుకు తలవంచి మనవాళ్లు బయటికి నడిచారు. ఆ తలవంచడంలో తప్పేమీ లేదు. అలాగని తలవంచినంత మాత్రాన బంతి లోపల ఉందని నమ్మనక్కరలేదు.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ గుంపులో మన చివరి లెక్క ఐదు పాయింట్లు, కువైటుది ఏడు. అదే ఏడాది మార్చిలో గువాహటిలో అఫ్ఘానిస్తానుతో ఆడి 1–2తో ఓడిపోయాం. యుద్ధాలతో నలిగిన దేశం, సొంతగడ్డ మీద ఆడే భాగ్యం కూడా లేని జట్టు మన ఊరికి వచ్చి గెలిచింది. ఆ రోజు మనం గెలిచి ఉంటే మూడు పాయింట్లు చేరి ఎనిమిది అయ్యేవి. దోహాలో ఏ రిఫరీ ఏమి చేసినా మనకు అడ్డు ఉండేది కాదు. ఆ రాత్రి గువాహటిలో ఏ గీతా మనలను మోసం చేయలేదు. ఆత్మశోధన చేసుకునేటప్పుడు పక్కవాడి పాపాలు ముందు గుర్తుకు రావడం నాకూ అనుభవమే. అందుకే చెబుతున్నాను.

తెలుగులో 'అర్హత' అనే మాట ఒకటుంది. పోటీలో ప్రవేశం దొరకడాన్నీ అర్హత అంటాం, దానికి తగినవాడై ఉండటాన్నీ అర్హతే అంటాం. ఒకే మాటలో రెండు అర్థాలు పొత్తుగా కాపురం చేస్తున్నాయి. అవి ఎల్లప్పుడూ కలిసి ఉండవనడానికి మన ఫుట్‌బాల్ చరిత్రే సాక్ష్యం. 1950లో బ్రెజిలులో జరిగిన ప్రపంచ కప్పుకు భారతదేశం అర్హత పొందింది. ఎలాగో తెలుసా? ఒక్క మ్యాచి కూడా ఆడకుండా. మన గుంపులోని బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ మూడూ తప్పుకున్నాయి. గెలవకుండానే టికెట్టు చేతికొచ్చింది. చివరకు మనం వెళ్లనే లేదు. బూట్లు లేక పోలేదని ఊరూరా చెప్పుకుంటారు గాని ప్రయాణం, సాధన, ఎంపిక తగాదాలు, అన్నిటికంటె ఒలింపిక్సే ముఖ్యమన్న ఆలోచన, ఇవన్నీ కలిసిన కథ అది. కాగితం మీద మాత్రం అర్హత ఉంది.

ఇక ఆ కాలంలోనే కాగితం అవసరం లేని అర్హత ఒకటి మన హైదరాబాదులో పెరుగుతూ ఉండేది. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు పెద్దవారికి గుర్తుండవచ్చు. బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానం పొందింది. అక్కడ కూడా మొదటి మ్యాచిలో హంగరీ రాకపోవడం వల్ల మనకు ఆడకుండానే ప్రవేశం దొరికింది. కాని ఆ తరువాత ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, దొరికిన చోటుకు తాము తగినవారమేనని ఆ కుర్రవాళ్లు చూపించారు. సికింద్రాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టులో ఉన్నాడు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో గెలిచి స్వర్ణం తెచ్చేనాటికి రహీం గారు క్యాన్సరుతో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. దోహాలో బంతి గీత దాటింది కూడా జూన్ 11నే. తేదీలలో అర్థాలు వెదికే అలవాటు నాకు లేదు. గుర్తుకొచ్చింది కనుక రాశాను.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. అన్యాయంగా దొరికినదానిని ఏమి చేయాలి?

నైతిక శాస్త్రంలో దీనికి పాత సమాధానం ఒకటుంది. పరుల సొత్తు ఎవరి చేతిలో ఉన్నా అది తన యజమాని కోసం కేక వేస్తూనే ఉంటుంది. తిరిగి ఇచ్చేదాకా ఊరుకోదు. జక్కయ్య చెట్టు దిగిన వెంటనే చేసిన పని భజన కాదు, లెక్క తేల్చడం. ఎవరి వద్ద అన్యాయంగా తీసుకున్నా నాలుగింతలు ఇచ్చేస్తానన్నాడు. డబ్బయితే, కోడయితే, గట్టు జరిపి కలుపుకున్న నాలుగు సాళ్ల నేలయితే తిరిగి ఇవ్వవచ్చు. గడిచిపోయిన ఆటను ఎలా ఇస్తాం?

2009 నవంబరు 18న పారిస్ నగరంలో ఫ్రాన్సుకూ ఐర్లండుకూ ప్రపంచ కప్పు అర్హత మ్యాచి జరిగింది. అదనపు సమయంలో ఫ్రాన్సు ఆటగాడు తియరీ ఆన్రీ బంతిని చేతితో అదుపు చేసి అందించాడు, గల్లాస్ గోల్ చేశాడు. రిఫరీ చూడలేదు. ఐర్లండు ఇంటికి, ఫ్రాన్సు దక్షిణాఫ్రికాకు. చేయి తగిలిన మాట నిజమేనని ఆన్రీ మ్యాచి ముగిశాక ఒప్పుకున్నాడు. మళ్లీ ఆడించడమే న్యాయమని కూడా తరువాత అన్నాడు. ఫిఫా కుదరదన్నది. 2015లో మరో సంగతి బయటపడింది. ఐర్లండు సమాఖ్యకు ఫిఫా యాభై లక్షల యూరోలు ఇచ్చిందట. స్టేడియం కోసం అప్పుగా ఇచ్చి తరువాత మాఫీ చేశామని ఫిఫా వివరణ. పోయిన ఆటకు డబ్బు కట్టినట్లయింది. అది వినగానే నాకు మన పంచాయితీలు గుర్తుకొచ్చాయి. అన్నిటికీ ఒక రేటు కట్టి, వేలిముద్ర వేయించి, "ఇంక ఆ మాట ఎత్తొద్దు" అంటారు చూడండి, అది.

దోహా సంగతి ఇంతకంటె చిక్కైనది. పారిస్‌లో తప్పు చేసిన జట్టే లాభపడింది. దోహాలో ఖతారుకు ఆ గోల్ వల్ల ఒరిగింది ఏమీ లేదు. వారి స్థానం ముందే ఖాయం. మరి మన చోటు ఎవరికి పోయింది? కువైటుకు. అదే రోజు కువైటు తన సొంతగడ్డ మీద అఫ్ఘానిస్తానును 1–0తో గెలిచి, మనం ఓడటంతో రెండవ స్థానానికి ఎక్కింది. దోహా మైదానంలో కువైటు ఆటగాడు ఒక్కడు లేడు. వారు ఎవరినీ మోసం చేయలేదు. తమ ఆట తాము ఆడి గెలిచారు. తప్పు చేసినవానికి లాభం లేదు, లాభపడినవానిలో తప్పు లేదు. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవరికి బాకీ?

ఈ ప్రశ్నకు నా వద్ద ఉన్న పాత పుస్తకంలో ఒక దారి దొరికింది. ఒకనికి రాబోయే పదవిని మరొకడు అన్యాయంగా అడ్డుకుంటే ఏమి చెల్లించాలని అక్వినాసు గారు విచారించారు. పదవి అతనికే అని అప్పటికే నిర్ణయమై ఉంటే, అడ్డుకున్నవాడు దానికి సమానమైనది ఇవ్వాలి. ఇంకా నిర్ణయం కాకమునుపు అడ్డుకుంటే పూర్తిగా కాదు, పరిస్థితిని బట్టి కొంత ఇవ్వాలి. ఎందుకంటే అది ఇంకా అతని చేతికి రాలేదు. మరే కారణం వల్లనైనా తప్పిపోయి ఉండేది. 73వ నిమిషంలో మన అర్హత ఇంకా మన చేతికి రాలేదు. పదిహేడు నిమిషాల ఆట మిగిలి ఉంది. ఖతార్ న్యాయంగానే మరో గోల్ చేసి ఉండవచ్చు. కనుక "మన ప్రపంచ కప్పును దొంగిలించారు" అనడం అతిశయోక్తి. మన నుంచి పోయింది అర్హత కాదు, అర్హత కోసం న్యాయంగా పోరాడే ఆ పదిహేడు నిమిషాలు. అది చిన్న నష్టమని నేను అనను.

ఇక్కడే మొదటి రోజు కుర్రవాడి ప్రశ్నకు కూడా సమాధానం మొదలవుతుంది. రిఫరీది తప్పు. మనిషి కన్ను ఎదుట కాళ్ల అడవి ఉన్నప్పుడు అన్నీ చూడలేదు. తప్పు మోసంగా ఎప్పుడు మారుతుంది? తెలిసినవాడు మౌనంగా ఉండిపోయినప్పుడు. బంతిని లోపలికి లాగిన ఆటగాడికి అది గీత దాటిందని తెలుసా? ఆ వేగంలో తెలిసి ఉండకపోవచ్చు. అతని హృదయంలో ఏమున్నదో తీర్పు చెప్పే పని నాది కాదు. ఒకవేళ తెలిస్తే మాత్రం, ఆ నిమిషంలో మైదానం మొత్తంమీద న్యాయం చేయగల శక్తి రిఫరీకి లేదు, అతనికి ఉంది.

అది జరిగే పని కాదు, ఆటలో ఎవరు చెబుతారు అంటారేమో. చెప్పినవారున్నారు. 2012లో ఇటలీలో నాపోలీతో ఆడుతూ లాజియో జట్టు ఆటగాడు మిరోస్లావ్ క్లోజె, తన గోల్ చేతికి తగిలి పడిందని తానే రిఫరీకి చెప్పి రద్దు చేయించుకున్నాడు. ఆ మ్యాచి 3–0తో ఓడిపోయారు. క్రికెట్ చూసే పెద్దలకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1980లో బొంబాయి స్వర్ణోత్సవ టెస్టులో ఇంగ్లండు వికెట్‌కీపర్ బాబ్ టేలర్‌ను అంపైరు ఔట్ అన్నాడు. బంతి బ్యాటుకు తగలలేదని తోచిన మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ అతన్ని వెనక్కు పిలిచాడు. టేలర్, బోథం కలిసి పెద్ద భాగస్వామ్యం నిలబెట్టారు. మనం పది వికెట్ల తేడాతో ఓడిపోయాం. మా చిన్నప్పుడు ఇంటిలో దీని గురించి పెద్ద వాదన జరిగింది. "పిచ్చి మారాజు" అన్నాడు మా చిన్నాన్న. మా నాయన ఏమీ అనలేదు. అనకపోయినా, ఆయన ఎవరి పక్షమో మాకు తెలుసు.

ఇతరులను గురించి ఇంత రాసి నా సంగతి దాచుకుంటే బాగుండదు.

పదమూడేండ్ల కింద ఎండాకాలం సెలవులలో, ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలోని నాలుగు పల్లెల కుర్రవాళ్లకు ఫుట్‌బాల్ పోటీ పెట్టించాను. మన ప్రాంతంలో ఆ ఆట అంతగా లేదు. పక్క అనంతపురంలో పిల్లలు ఆడుతున్నారని విని నాకూ ఉబలాటం పుట్టింది. గుడి వెనక బీడు చదును చేయించాం. ముగ్గుపిండితో గీతలు, వెదురు కర్రలతో గోల్ స్తంభాలు. గురువిద్యాలయంలో హాఫ్‌బ్యాక్‌గా ఆడినవాణ్ని కనుక ఈల నా మెడలోనే. ఫైనలు 1–1 వద్ద ఉండగా ఆఖరి నిమిషాలలో మా హాస్టలు కుర్రవాడొకడు గోల్ చేశాడు. అవతలి జట్టు గోల్‌కీపరు చేయెత్తి ఏదో అరిచాడు. గుంపు కేకలలో నాకు వినబడలేదు. వినిపించుకోలేదనడమే నిజం. ఈల ఊదాను. 2–1. షీల్డు మా పిల్లలకు. మ్యాచి చూడడానికి వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయుడొకరు, గోల్ చేసినవాణ్ని కర్నూలులో సెలక్షనుకు తీసుకుపోతానన్నారు.

ఆ రాత్రి భోజనమైన తరువాత వాడు వచ్చి వరండాలో నిలబడ్డాడు. పాపసంకీర్తనానికి కాదు. అలా వచ్చి ఉంటే ఈ మాట మీకు రాయగలిగేవాణ్ని కాదు.

"సామీ, బంతి నా మోచేతికి తగిలింది."

"నేను చూడలేదే."

"మీరు చూడల్యా. అందుకే చెప్తాండా."

నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. "రిఫరీ మాటే ఆఖరు మాట నాయనా. ఆటలో ఇవన్నీ మామూలే. రేప్పొద్దున బస్సుకు లేవాల, పోయి పండుకో" అన్నాను. లెక్క చెప్పాను వాడికి. వాడు సత్యం అడగడానికి వచ్చాడు. వాడి చేతికొచ్చిన అవకాశం పోకూడదన్న ప్రేమ కొంత ఉంది. నా ఈల తప్పని నలుగురికీ తెలియకూడదన్న ఆలోచన కూడా కొంత ఉంది. ఏది ఎంత పాలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

వాడు పండుకోలేదు. తెల్లవారకముందే ఎవరిదో సైకిలు తీసుకొని ఆ గోల్‌కీపరు ఊరికి పోయి, వాణ్ని నిద్ర లేపి చెప్పి వచ్చాడు. సాయంత్రం నాకు ఆ సంగతి తెలిసి, "ఏమన్నాడురా?" అని అడిగాను. "'ఎరికేలే, నేను చూసినా' అన్య్యాడు సామీ. 'యెవురూ చెప్పరనుకున్యా' అన్య్యాడు. వాళ్లమ్మ రాగిసంకటి పెట్టింది" అన్నాడు. తరువాత సెలక్షనులో వాడు నెగ్గలేదు. అది వేరే సంగతి.

గుడి పుస్తకంలో ఆ మ్యాచి ఫలితం నా చేతిరాతతో 2–1 అనే ఉంది. దిద్దలేదు. దిద్దడానికి ఏమని రాయాలి? మిగిలిన నిమిషాలలో ఎవరు గెలిచేవారో దేవునికే తెలియాలి.

ఆ గోల్‌కీపరు ఇప్పుడు ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో పనిచేస్తున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి. ఇన్నేండ్లలో వాణ్ని పదిసార్లయినా చూసి ఉంటాను. బాగున్నావా అంటే బాగున్నా సామీ అనడం, అంతే. ఈ వ్యాసం రాయడానికి కూర్చున్న తరువాత, రాయడం ఆపి, స్కూటరు తీసుకొని అక్కడికి వెళ్లాను. రాతిపొడిలో తెల్లగా ఉన్నాడు. ఆనాటి గోల్ తప్పని, వాడి అరుపు వినిపించుకోనిది నేనేనని, ఆ కుర్రవాడు వచ్చి చెప్పినా నేను ఊరుకున్నానని చెప్పాను.

వాడు ఉలి కింద పెట్టి కొంతసేపు ఆలోచించాడు.

"ఆపొద్దు మీరు యాడ నిలబడుకోని ఉంటిరి సామీ?"

గుడి గోడ పక్కన, పడమటి దిక్కుకు మొగం పెట్టుకొని ఉన్నానని చెప్పాను. పొద్దు దిగే వేళ.

"ఆడ్నించి కనపడదులే" అని మళ్లీ ఉలి తీసుకున్నాడు.